ఎనిమిది నెలల పాపతో అరకు కొండల్లో నడవొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. డిసెంబర్ రెండో వారానికి మా పాపకు ఎనిమిదిన్నర నెలలు వస్తాయి. అప్పుడు మేమిద్దరం, అత్తమామలు కలిసి మూడు రోజులు అరకు వెళ్దామని రూమ్ బుక్ చేశాం. పెళ్లికి ముందు నుంచీ నాకు కొండల్లో నడవడమంటే ప్రాణం. పాప పుట్టాక ఇల్లు, ఆసుపత్రి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. మావారేమో వంజంగి కొండ మీద తెల్లవారుజామున మేఘాలు చూడాల్సిందే, పాపను క్యారియర్‌లో పెట్టుకుని ఎక్కేద్దాం అంటున్నారు. అత్తయ్య మాత్రం పసిబిడ్డకు కొండగాలి తగలకూడదు, మీరు రూములోనే ఉండండి అంటున్నారు. మామయ్యకు మోకాళ్ల నొప్పులు. అందరి మధ్యా నాకు టెన్షన్‌గా ఉంది. పాపతో అసలు నడవొచ్చా? నడిస్తే ఎంత దూరం? ఏమేం చూసుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: నడవొచ్చమ్మా, నిక్షేపంగా నడవొచ్చు. కాకపోతే అది పెళ్లికి ముందు మీరు నడిచిన నడకలా ఉండదు, మీవారు అనుకుంటున్నట్టు అసలే ఉండదు. ఎనిమిది నెలల బిడ్డతో కొండ నడక అంటే అరగంట, ముప్పావుగంట, మహా అయితే గంట. ఎండ వచ్చాక మొదలుపెట్టి ఎండ ఉండగానే ముగించాలి, దారిలో ఎక్కడ పాప ఏడుపు మొదలుపెట్టినా పావుగంట, ఇరవై నిమిషాల్లో బండి దగ్గరికో రూముకో చేరిపోగలగాలి. ఎవరు ఏ చోటు గురించి గొప్పగా చెప్పినా మీరు ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: అక్కణ్నుంచి ఎంతసేపట్లో వెనక్కి రాగలం? దానికి సరైన జవాబు వస్తే వెళ్లండి, రాకపోతే ఆ చోటు పాప పెద్దయ్యాక చూద్దురుగాని.

ముందు అత్తయ్యగారి భయం సంగతి చూద్దాం, ఎందుకంటే ఆవిడ మనసులో ఆ భయం అలాగే ఉంటే మూడు రోజులూ ఎవరికీ సుఖం ఉండదు. ఎత్తు గురించి భయపడాల్సిన పని లేదు. అరకులోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తిరుమల కొండ 850 మీటర్ల పైచిలుకు, అంటే రెండింటికీ పెద్ద తేడా లేదు. ఏడాది నిండని బిడ్డల్ని పుట్టువెంట్రుకలకని మనవాళ్లు తిరుమల తీసుకెళ్లడం తరతరాలుగా ఉన్నదే కదా, ఈ మాట అత్తయ్యగారికి చెప్పండి, ఆవిడకు వెంటనే అర్థమవుతుంది. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు, ఆయాసం లాంటివి మామూలుగా 2500 మీటర్లు దాటాకే మొదలవుతాయి. ఊటీ కూడా 2240 మీటర్లే. లేహ్ లాంటి 3500 మీటర్ల ఊళ్ల సంగతి వేరు, ఎక్కడ నొప్పిగా ఉందో నోరు తెరిచి చెప్పలేని బిడ్డను అంత ఎత్తుకు తీసుకెళ్లడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. అరకు విషయంలో ఆ బెంగ అక్కర్లేదు.

ఇక కొండగాలి. గాలి తగిలినంత మాత్రాన జలుబు చేయదు, జలుబున్న మనిషి ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటే చేస్తుంది. కానీ అత్తయ్యగారి మాటలో ఒక పెద్ద నిజం ఉంది, దాన్ని మీవారు కూడా వినాలి: అక్కడి చలి పసిబిడ్డకు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డిసెంబర్‌లో అరకులో తెల్లవారుజామున పది డిగ్రీల కంటే కిందికి పోవడం మామూలే, లంబసింగి వైపు ఇంకా తక్కువ. నడిచే మనిషికి పది నిమిషాల్లో చెమట పడుతుంది, స్వెటర్ విప్పేస్తాడు. క్యారియర్‌లో కదలకుండా వేలాడే బిడ్డకు ఆ వేడి పుట్టదు. మనకు వెచ్చగా ఉంది కాబట్టి పాపకూ వెచ్చగానే ఉందనుకుంటాం, పొరపాటంతా అక్కడే జరుగుతుంది. అందుకే వంజంగి వద్దు అంటున్నాను.

వంజంగికి మేఘాల కోసం వెళ్లాలంటే సూర్యోదయానికి ముందే పైన ఉండాలి. అరకు నుంచి పాడేరు దాకా ఘాట్ మలుపుల్లో గంటకు పైగా ప్రయాణం, అక్కణ్నుంచి ఇంకొంచెం ముందుకు, ఆ తర్వాత చీకట్లో, మంచుకు తడిసిన మట్టిలో, రాళ్లలో, వందల మంది జనం మధ్య టార్చ్ లైట్లు పట్టుకుని ఎక్కడం. పాపను రాత్రి రెండింటికో మూడింటికో నిద్రలేపాలి. ఎత్తుకున్న మనిషికి అడుగు ఎక్కడ పడుతుందో కనబడదు, ఎందుకంటే ముందు వైపు కట్టుకున్న బిడ్డ మన పాదాలను మనకే కనబడకుండా చేస్తుంది. పైకి చేరాక వణికించే గాలిలో నిలబడాలి. ఇందులో పాపకు దక్కేది ఏమీ లేదు. మీవారు వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వండి, ఒక్కరే వెళ్లి చూసి రావచ్చు, అందులో తప్పేమీ లేదు, ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పాపతో నడవడానికి రోజులో రెండు సమయాలు బాగుంటాయి. పొద్దున మంచు విడిపోయి ఎండ పడ్డాక, అంటే తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర లోపు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర లోపు. ఆ నెలలో అక్కడ ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు, లోయ కదా, కొండ నీడ ఇంకా ముందే పడుతుంది, నీడ పడిందంటే చలి టక్కున దిగుతుంది. రోజుకు ఒక్క నడక చాలు. రెండో పూట బండిలో తిరగండి, లేదా రూము ముందు ఎండలో కూర్చోండి. మూడు రోజులకు ఐదు చోట్లు రాసుకుని పరుగులు పెట్టే కుటుంబాలను అరకులో ఎప్పుడు చూసినా నాకు పిల్లల మీద జాలేస్తుంది, ఎప్పుడూ సీట్లో బిగించి ఉంటారు, ఎప్పుడూ ఏడుస్తూ ఉంటారు.

ఎక్కడెక్కడ నడవొచ్చో చెబుతాను. మొదటి రోజు పద్మాపురం గార్డెన్స్‌తో మొదలుపెట్టండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికని మొదలైన తోట అది, ఇప్పుడు పెద్ద పెద్ద చెట్లు, పూలమొక్కలు, చిన్న రైలు ఉంటాయి. దారి దాదాపు చదునే, కూర్చోవడానికి చోటుంది, మామయ్యగారు కూడా మోకాళ్లను ఇబ్బంది పెట్టకుండా మీతో నడవగలరు. కొత్త చోట క్యారియర్‌లో పాప ఎలా ఉంటుందో, ఎంతసేపటికి విసుక్కుంటుందో అక్కడ తెలిసిపోతుంది. అది తెలియకుండా నేరుగా కొండదారి ఎక్కొద్దు.

రెండో రోజుకు నా ఓటు అనంతగిరి వైపు కాఫీ తోటలకే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు, డిసెంబర్‌లో ఎర్రగా పండిన కాఫీ పళ్లు, గింజలు కోసే మనుషులు. తోటల మధ్య మట్టిదారులు మెల్లగా ఎక్కుతాయి, మెల్లగా దిగుతాయి, రోడ్డు పక్కనే బండి ఆపుకుని లోపలికి ఇరవై నిమిషాలు నడిచి తిరిగి రావచ్చు. చెట్ల సందుల్లోంచి పడే వెలుగునీడలంటే ఆ వయసు పిల్లలకు ఎంత ఇష్టమో మీకు తెలిసే ఉంటుంది. వేరేవాళ్ల తోట కాబట్టి లోపలికి వెళ్లేముందు అక్కడున్నవాళ్లను ఒక మాట అడగండి, పళ్లు కోయొద్దు. ఎండుటాకుల మీద కాలు జారుతుంది, కింద ఏముందో కనబడదు, కాబట్టి అలవాటుగా నడిచే బాట మీదే నడవండి.

దారిపక్క పసుపు పచ్చగా వలిసె చేలు కనబడితే అదృష్టమే, నవంబర్‌లో బాగా పూస్తాయి, డిసెంబర్ మధ్యకు కొన్ని చోట్లే మిగులుతాయి. ఫొటోల కోసం చేను మధ్యలోకి పాపను తీసుకెళ్లకండి. వలిసె పూల మీద తేనెటీగలు విపరీతంగా వాలతాయి, గట్టు మీద నిలబడి తీసుకున్న ఫొటో కూడా అంతే బాగుంటుంది.

చాపరాయి చాలామందికి ఇష్టమైన చోటు, డుంబ్రిగుడ దగ్గర, వెడల్పాటి బండ మీద నీళ్లు పల్చగా జారుతూ ఉంటాయి. ఒడ్డున నీడలో దుప్పటి పరుచుకుని కూర్చోవడానికి వెళ్లండి. కానీ పాపను ఎత్తుకుని ఆ బండ మీద మాత్రం ఎవరూ అడుగు పెట్టొద్దు, ఒక్క నిమిషం కూడా, ఒక్క ఫొటోకి కూడా. తడిబండ మీద పాచి కంటికి కనబడదు, చేతిలో బిడ్డ ఉన్నప్పుడు పడితే చేతులు కింద ఆనించలేం. బొర్రా గుహల్లో దిగే మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, వెలుతురు తక్కువ, సెలవుల్లో జనం తోపులాట. మీరూ మీవారూ విడివిడిగా వెళ్లి చూసి రండి, ఒకరు పైన పాపతో, అత్తమామలతో ఉండండి. బయట కోతులు ఉంటాయి, పాప చేతిలో బిస్కెట్ గానీ అరటిపండు గానీ పెట్టకండి. కటికి జలపాతం ఈసారికి వదిలేయండి, అక్కడికి వెళ్లే జీపు గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, ఈ వయసు బిడ్డ తలకు, మెడకు ఆ కుదుపులు మంచివి కావు.

ఇప్పుడు క్యారియర్. మొత్తం నడక దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎనిమిది నెలల పాపకు బెల్టులున్న మెత్తటి క్యారియర్ సరిపోతుంది, భారం భుజాల మీద కాక నడుము బెల్టు మీద పడేలా ఉన్నది చూసి కొనండి. పాప కూర్చున్నప్పుడు తొడలు రెండూ మోకాళ్ల దాకా గుడ్డ మీద ఆనాలి, మోకాళ్లు పిరుదుల కంటే కొంచెం పైకి ఉండాలి. కాళ్లు సన్నటి పట్టీ మీద నుంచి కిందికి వేలాడుతుంటే అది ఆ వయసు తుంటి కీళ్లకు మంచిది కాదు, పాదాలకు రక్తం సరిగా ఆడక తొందరగా చల్లబడతాయి కూడా. పాప ముఖం ఎప్పుడూ మీకు కనబడుతూ ఉండాలి, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టుకునేంత దగ్గరగా, గడ్డం ఛాతీకి ఆనుకోకుండా మధ్యలో రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉండాలి. గడ్డం కిందికి వాలిపోతే ఊపిరి సరిగా ఆడదు, నిద్రలో అయితే అసలు తెలియదు. నిద్రపోయిన బిడ్డను ముఖం బయటి వైపుకు పెట్టి మోయొద్దు. చలి గాలి అని శాలువా పూర్తిగా ముఖం మీద కప్పడం కూడా వద్దు, పెద్దవాళ్లు ప్రేమతో చేసే పని అదే, మీరు కొంచెం కనిపెట్టి ఉండాలి.

ఫ్రేమ్ ఉన్న పెద్ద బ్యాక్‌ప్యాక్ క్యారియర్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, కొండ నడకలకే చేసినవి, బాగా కూర్చోవడం వచ్చిన బిడ్డలకు పనికొస్తాయి. కానీ వీపు వైపు ఉన్న బిడ్డకు మీ ఒంటి వేడి అందదు, ముఖం కనబడదు, కొమ్మలు తగులుతాయి, వెనక ఒకరు చూస్తూ నడవాలి. మూడు రోజుల ప్రయాణానికి అంత ఖర్చు అవసరమని నేను అనుకోను. అరకు సంతలో గిరిజన తల్లులు బిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకుని ఎంత దూరమైనా నడిచిపోవడం చూస్తారు, ఆ పనితనం చిన్నప్పటి నుంచీ చేసి నేర్చుకున్నది, అలవాటు లేని మనం యూట్యూబ్ వీడియో చూసి చీరతో కట్టుకుని కొండదారిలో ప్రయత్నించకూడదు.

బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు నుంచే ఇంట్లో అలవాటు చేయండి. మొదట గదిలో పది నిమిషాలు, తర్వాత అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి, ఒక ఆదివారం పొద్దున గాంధీ హిల్ వైపో, కృష్ణ ఒడ్డుకో వెళ్లి అరగంట నడవండి. ఎనిమిది కిలోల బిడ్డ, మూడు కిలోల సంచి కలిస్తే నడుము ఏమంటుందో అక్కడ తెలుసుకోవడం మంచిది. ప్రసవం తర్వాత నడుం నొప్పి ఇంకా ఉంటే పాపను మోసే పని మీవారికి ఇవ్వండి, మీరు సంచి పట్టుకోండి. దిగేటప్పుడే ఎక్కువ మంది పడతారు, ఎక్కేటప్పుడు కాదు. అందుకని అడుగున గట్టి పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. పాపను మోసే మనిషి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఫోన్ రెండోవారి దగ్గర ఉండాలి, ఇది మీ ఇంట్లో నియమంగా పెట్టుకోండి.

బట్టల విషయంలో లావు స్వెటర్ ఒకటి వేసేకంటే పల్చటివి రెండు మూడు వరసగా వేయండి, ఎండెక్కే కొద్దీ ఒక్కొక్కటి తీయొచ్చు. లోపల మెత్తటి నూలు చొక్కా, పైన ఉన్నిది, గాలి తగిలితే ఆపై ఒకటి. మీ ఛాతీకి కట్టుకున్నప్పుడు మీ ఒంటి వేడే ఒక పొరతో సమానం, కాబట్టి గుడ్డలతో మూటకట్టేయకండి, వేడి ఎక్కువైనా పసిపిల్లలకు ప్రమాదమే. అందరూ మర్చిపోయేది కాళ్లు. క్యారియర్‌లో కూర్చోగానే ప్యాంటు పైకి జరిగి పిక్కలు బయటపడతాయి, సాక్సులు ఊడిపోతాయి. మోకాళ్ల దాకా వచ్చే సాక్సులు కొనండి, ఒక జత ఎక్కువే పెట్టుకోండి. పాపకు చలేస్తోందో లేదో చేతులు పట్టుకుని చూడొద్దు, చేతులు మామూలుగానే చల్లగా ఉంటాయి, మెడ వెనకా పొట్ట మీదా చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా ఉంటే నడక అక్కడికి ఆపేయాలి. పాప మరీ నెమ్మదించి, మగతగా ఉండి, పాలు కూడా పట్టకపోతే చొక్కా లోపల ఒంటికి ఒళ్లు ఆనించి పెట్టుకుని నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అరకులోయలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, అది మీ రూము నుంచి ఎంత దూరమో దిగిన రోజే అడిగి తెలుసుకోండి. కొండల్లో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, డ్రైవర్‌ను బండి దగ్గరే ఉండమని చెప్పండి.

చలికాలమైనా పది దాటాక ఎండ చురుక్కుమంటుంది, అంచున్న టోపీ పెట్టండి. ఆరు నెలలు దాటింది కాబట్టి ముఖానికి, చేతులకు పిల్లల సన్‌స్క్రీన్ కొంచెం రాయొచ్చు, ముందు ఇంట్లోనే చేతి మీద రాసి చూడండి.

తిండి విషయం సులువే. పాలు తాగిన అరగంటకు బయల్దేరితే చాలామంది పిల్లలు ఊపుకు నిద్రపోతారు, మీకూ నడక హాయిగా సాగుతుంది. దారిలో మళ్లీ అడిగితే ఏ రాతి మీదో కూర్చుని చున్నీ కప్పుకుని ఇవ్వండి, అందుకు మొహమాటపడకండి, మీవారిని అడ్డం నిలబడమనండి. ఉగ్గు, రాగిజావ, మెత్తటి పప్పన్నం లాంటివి రోజూ తినేవే పెట్టండి, కొత్త రుచులు ప్రయాణంలో మొదలుపెట్టొద్దు. కాచిన నీళ్లు ఫ్లాస్కులో మీతో ఉండాలి. ఇంకొకటి, దీన్ని అత్తయ్యగారికి ప్రత్యేకంగా చెప్పండి: దారి పొడవునా సీసాల్లో కొండతేనె అమ్ముతుంటారు, మంచిదని పాప నాలుకకు రాయబుద్ధి అవుతుంది. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా పెట్టకూడదు. ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనా ఒక రకం సూక్ష్మజీవి ఉండొచ్చు, పెద్దవాళ్ల పొట్ట దాన్ని తట్టుకుంటుంది, పసిపిల్లల పేగుల్లో అది విషాన్ని తయారుచేసి కండరాలను చచ్చుబరుస్తుంది. కొని ఇంటికి తెచ్చుకోండి, పెద్దవాళ్లు తినండి.

వాడిన డైపర్లు మూట కట్టి వెనక్కి తీసుకురండి. కాఫీ తోటల పక్క వాగుల్లో అవి తేలుతుంటే చూడలేం, ఆ నీళ్లే కింది ఊళ్లవాళ్లు వాడుకుంటారు.

ప్రయాణం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. విజయవాడ నుంచి ఒకే రోజులో అరకు చేరాలని చూడొద్దు. విశాఖలో ఒక రాత్రి ఆగి, పొద్దున పాప తిన్నాక బయల్దేరండి. విశాఖ నుంచి రోడ్డు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, సగం ఘాటే, మధ్యలో కనీసం రెండుసార్లు ఆపండి. చెవులు దిబ్బడేసినప్పుడు పిల్లలు ఏడుస్తారు, ముఖ్యంగా దిగేటప్పుడు. ఏదైనా చప్పరిస్తే, మింగితే చెవి తేలికవుతుంది, బండి ఆపి పాలివ్వండి. కదులుతున్న బండిలో పాపను కార్ సీట్ నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని ఇవ్వడం, అదీ ఆ మలుపుల్లో, వద్దు. కిరండూల్ రైలు ఎక్కితే అద్దాల బోగీలో కొండలు చూస్తూ వెళ్లొచ్చు, నాకు ఆ ప్రయాణమంటే చాలా ఇష్టం. దారిలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి, చీకటి పడగానే బోగీ అంతా ఈలలు, కేకలు, పాప ఉలిక్కిపడొచ్చు, సొరంగం వస్తోందంటే దగ్గరికి పొదువుకుని చెవులు మూయండి. నాలుగు గంటల పైనే పడుతుంది, అయినా కారుతో పోలిస్తే లేచి తిప్పడానికి వీలుంటుంది. శని, ఆదివారాలు కాకుండా చూసుకోగలిగితే ఘాట్‌లో ట్రాఫిక్, అన్ని చోట్లా జనం సగానికి సగం తగ్గుతాయి.

రాత్రిళ్లు రిసార్టుల్లో చలిమంట వేసి, థింసా ఆడిస్తారు. చూడండి, చాలా బాగుంటుంది, కానీ పొగ పాప వైపు రాకుండా దూరంగా కూర్చోండి. రూములో బొగ్గుల కుంపటి పెట్టించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, తలుపులు మూసిన గదిలో ఆ బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. బరువైన రగ్గు పాప మీద కప్పకండి, వెచ్చటి బట్టలు వేసి పడుకోబెట్టండి. దోమల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అరకు, పాడేరు ఏజెన్సీలో మలేరియా ఎప్పటి నుంచో ఉన్నదే. పాప గొడుగు దోమతెర ఇంటి నుంచే తీసుకెళ్లండి, సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేయండి. తిరిగొచ్చాక నెల, రెండు నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా అరకు వెళ్లొచ్చామని డాక్టర్‌కు ముందే చెప్పి రక్తపరీక్ష చేయించండి.

వెళ్లేముందు పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. పాప నెలలు నిండకుండా పుట్టి ఉన్నా, గుండె, ఊపిరితిత్తుల సమస్య ఏదైనా ఉన్నా ఆయన మాటే వినాలి, నా మాట కాదు. బయల్దేరే రోజుకు జ్వరం గానీ గురక లాంటి దగ్గు గానీ ఉంటే రూమ్ డబ్బులు పోయినా సరే ప్రయాణం మానుకోండి. తొమ్మిది నెలల టీకా మీరు తిరిగొచ్చాకే పడుతుంది కాబట్టి దాని జ్వరం గొడవ ఈ ప్రయాణానికి లేదు.

చివరగా మీవారి వంజంగి, మీ నడక. మీ ఉత్తరంలో నాకు బాగా తగిలింది, పాప పుట్టాక ఎక్కడికీ వెళ్లలేదు అన్న మాట. పాపతో అరగంట నడిచినంత మాత్రాన ఆ ఆకలి తీరదమ్మా. రెండో రోజు తెల్లవారుజామున మీవారు డ్రైవర్‌ను తీసుకుని వంజంగి వెళ్లి రానివ్వండి, మీరు, పాప, అత్తమామలు వెచ్చగా పడుకోండి. ఆయన వచ్చేసరికి పొద్దెక్కుతుంది, కాఫీ తోటల నడక మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి. మూడో రోజు పొద్దున మీ వంతు. ఏడున్నరకు పాపకు పాలిచ్చి, ఆయనకూ అత్తయ్యగారికీ అప్పగించి, మీరొక్కరే గంటన్నర నడిచి రండి, మెల్లగా కాదు, మీకు ఇష్టమైనంత వేగంగా. కొండ లోపలికి ఒంటరిగా కాకుండా ఊరి దగ్గరి దారుల్లోనే, ఏ దారినో రూమ్ వాళ్లకు చెప్పి వెళ్లండి. పాప ఆకలికి ఏడిస్తే పట్టడానికి ఉగ్గు కలిపి పెట్టే పని ఆయనకు ముందు రోజే నేర్పండి. ఈ సంగతి రూములో దిగాక చెబితే వాదన అవుతుంది, ఇంటి దగ్గర ఉండగానే అందరి ముందూ మాట్లాడుకుని ఒప్పించండి.